కొండ మీదికి చేరిన ఇత్తడి రెక్క

మిమ్మల్ని ప్రమాదంలోకి పిలిచినవాడే, ఆ ప్రమాదంలోంచి మిమ్మల్ని పైకి తరిమితే, ఆ మనిషికి మీరు దండం పెడతారా, నిలదీస్తారా?

రెండూ చేస్తానని తొందరపడి చెప్పకండి. కళాశాల చర్చావేదికల మీద నేను నేర్చుకున్న మొదటి నియమం, ఏదో ఒక పక్షం తీసుకుని తీరాలని. ఈ ఒక్క ప్రశ్న మీద మాత్రం నేను రెండు పక్షాల తరఫునా వాదించాను. ఒకసారి బహుమతి కూడా గెలిచాను. ఆ గెలుపును కూడా ఇక్కడ దాచను.

పోయిన నెల అమ్మ పోర్ట్ బ్లెయిర్ నుంచి ఫోన్ చేసి, "పానీ తాత పోయాడే" అంది. విశాఖలో, హాస్టల్ మెట్ల మీద కూర్చుని విన్నాను. తరువాత అమ్మ చాలాసేపు వేరే సంగతులు మాట్లాడింది. ఫోన్ పెట్టేయబోతూ, "పాడె మోసినవాళ్లలో మీ నాన్న కూడా ఉన్నాడు" అంది. తొమ్మిదేళ్లుగా మా నాన్న ఆ మనిషితో ఒక్క మాట మాట్లాడలేదు. అందుకే అమ్మ ఆ సంగతిని చివరిదాకా దాచుకుంది.

పానీ అంటే హిందీలో నీళ్లు. పానీ తాత అసలు పేరు మా మిన్నీ బే వీధిలో చాలామందికి తెలియదు. నాకు తెలుసు, కానీ రాయను. ఆయనే దాన్ని ఎన్నడూ వాడుకోలేదు.

మాకు కుళాయి నీళ్లు రోజూ రావు. మూడు రోజులకో నాలుగు రోజులకో ఒకసారి, ఓ అరగంట వస్తాయి. ఏ వేళకు వస్తాయో చెప్పేవారు లేరు. ఇళ్లన్నీ కొండవాలు మీద, మెట్లవరస పొడుగునా ఉంటాయి. వీధి కుళాయి మాత్రం అన్నిటికంటే అడుగున, సముద్రం పక్క రోడ్డు మీద. ఆ కుళాయి దగ్గర ఒక ఇనుప స్తంభానికి పడవ ఫ్యాను రెక్క ఒకటి వేలాడేది. నీళ్లలో తిరిగి పడవను నడిపే ఇత్తడి రెక్క అది, ఒక అంచు విరిగింది. హాడో జెట్టీలో ఓడల ఖలాసీగా పనిచేసి రిటైరైన పానీ తాత, వస్తూ వస్తూ దాన్ని భుజాన వేసుకుని వచ్చాడట.

నీళ్లు రాబోయే ముందు పైపులో గాలి కదులుతుంది. ఆయన కుళాయి మూతికి చెవి ఆనించి, కళ్లు మూసుకుని, ఒక చెయ్యి గాలిలోకి ఎత్తి నిలబడేవాడు. ఆ చెయ్యి ఎత్తి ఉన్నంతసేపు కుక్క కూడా మొరగకూడదన్నట్టు ఉండేది ఆయన ముఖం. ఉన్నట్టుండి చెయ్యి దింపి, ఇనుప కమ్మీ అందుకుని రెక్క మీద అయిదు దెబ్బలు కొట్టేవాడు. వీధి వీధంతా బిందెలతో, బాల్టీలతో కిందికి దిగివచ్చేది. ఈ పని ఆయనకు ఎవరూ అప్పగించలేదు.

వరసలో మనుషులు నిలబడనవసరం లేదు. బిందె నిలబడితే చాలు, దాని యజమానురాలు అక్కడ ఉన్నట్టే లెక్క. ఆయన ఎవరి బిందెనూ తాకేవాడు కాదు. ఒకసారి మా పక్కింటి రాంచీ దీదీ మెట్ల మీంచే, తన బాల్టీ కాస్త ముందుకు జరపమని కేకేసింది.

"చాచా, మేరీ బాల్టీ ఆగే కర్ దో నా!"

"బాల్టీకి కాళ్లు లేవు దీదీ, నీకున్నాయి గదా. ఆవో, దిగి ఆవో!"

ఓడల మోతలో అరిచి అరిచి ఆయన గొంతు ఎప్పుడో అరిగిపోయింది. గట్టిగా అరవబోతే గాలి తప్ప మాట వచ్చేది కాదు. అందుకే ఆయన మాట్లాడవలసినదంతా ఆ రెక్క మాట్లాడేది. ఆ రెక్కకు తెలిసిన మాట మాత్రం ఒక్కటే: కిందికి రండి.

రెండువేల నాలుగు డిసెంబరు ఇరవై ఆరు, ఆదివారం. నేను ఏడో తరగతి. అమ్మా నాన్నా తుష్నాబాద్‌లో పిన్ని ఇంటికి వెళ్లారు. ఇంట్లో నానమ్మా నేనూ ఉన్నాం. ఆరున్నర ప్రాంతంలో నేల ఊగింది. ఊగి ఆగలేదు, ఊగుతూనే ఉంది. మెట్ల మీదికి వచ్చి కూర్చుని, గోడను పట్టుకున్నాం. గోడ కూడా కదులుతోంది. అంతా ఆగాక నానమ్మ మొదట అన్న మాట ఇది:

"పైపులు పగిలిపోయుంటాయే గుంటా. ఇంక నీళ్లు ఎన్నాళ్లకొస్తాయో ఏటో."

నీళ్లు రావలసిన రోజు అదే. ముప్పావుగంట గడిచింది. రెక్క మోగింది. అయిదు దెబ్బలతో ఆగలేదు, ఎడతెగకుండా మోగింది. మామూలుగా అయితే అది వింతగా తోచాలి. కానీ ఆ రోజు వీధిలో ప్రతి ఒక్కరికీ ఒకే అర్థం తట్టింది: ఈసారి ఎక్కువసేపు రావు, త్వరపడమంటున్నాడు. నేల ఊగినప్పుడు కూడా అంత వేగంగా ఇళ్లు వదలనివాళ్లు, ఇంట్లో ఉన్న ప్రతి గిన్నె పట్టుకుని పరిగెత్తారు. నేను రెండు బాల్టీలు అందుకున్నాను. మోకాళ్ల నొప్పులతో పక్కవాటుగా ఒక్కొక్క మెట్టే దిగే నానమ్మ, కొత్త స్టీలు బిందె చంకన పెట్టుకుని నా వెనకే దిగింది.

కుళాయిలో చుక్క లేదు. దాని ముందు అప్పటికే బిందెల వరస కట్టేశారు. పానీ తాత కుళాయికి వీపు పెట్టి, సముద్రం వైపు చూస్తూ కొడుతున్నాడు. నేనూ అటు చూశాను. అఖాతంలో నీళ్లు లేవు. పడవలు బురదలో పక్కకు ఒరిగి పడుకున్నాయి. పున్నమి పోటు ఎక్కవలసిన వేళ అది. ఆ సంగతి ఆయనకు తెలుసు. తరువాత ఏం జరుగుతుందో మాత్రం ఆయనకూ తెలియదు. సునామీ అనే మాట ఆ పొద్దుటిదాకా మా వీధిలో ఎవరూ విని ఉండలేదు.

జనాన్ని చూసి ఆయన కమ్మీ ఆపాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కనబడుతుంది. పొమ్మని కొట్టాడు, వాళ్లు వచ్చారు.

"పైకి! పైకెల్లండి! ఊపర్!" అన్నాడు. ఆ గొంతు బిందెల చప్పుడును దాటలేదు.

"పహలే పానీ, చాచా! నల్లా ఖోలో!" అని, ముందు కుళాయి తిప్పమని దీదీ అరిచింది.

"పొద్దున్నే ఏసేసినావేటి బాబాయ్?" అని ఇంకెవరో అన్నారు. నలుగురు నవ్వారు.

ఆయన నానమ్మ దగ్గరికి వచ్చాడు. అక్క వరస కలిపి ఆమెను అప్ప అని పిలిచేవాడు. "అప్పా, సంద్రం ఎనక్కెల్లిపోనాది. ఇది మంచిది కాదు. నువ్వు సెప్తే ఇంటారు, సెప్పు."

"ఎల్లినది మళ్లీ రాదేటి? ఆటుపోట్లు నాకు కొత్తా?" అంది నానమ్మ. తరువాత నేను ఎన్ని వేదికల మీదో తిప్పి తిప్పి అడిగిన ప్రశ్నను, అందరికంటే ముందు ఆమే అడిగింది: "ఏటి తమ్ముడా, పిలిచినోడివీ నువ్వే, పొమ్మంటన్నోడివీ నువ్వే!"

ఆయన చేతిలోని కమ్మీ వైపు ఒకసారి చూసి కింద పడేశాడు. వెళ్లి వరసలో మొదటి బిందెను కాలితో తన్నాడు. అది రోడ్డు మీద దొర్లుతూ వెళ్లింది. అందరి నవ్వూ ఆగిపోయింది. ఎవరి బిందెనూ వేలితో తాకని మనిషి రెండోదాన్ని తన్నాడు, మూడోదాన్ని తన్నాడు. అప్పుడే నానమ్మ చంకలోంచి కొత్త బిందె లాక్కుని మెట్లకేసి పరిగెత్తాడు.

"ఓలమ్మో, నా బిందె! పిచ్చెక్కిపోనాదీడికి, పట్టుకోండే!"

ఆడవాళ్లంతా కోపంతో ఊగిపోతూ ఆయన వెంటపడ్డారు. నేను నానమ్మ వైపు చూశాను. ఆమె నన్ను మెట్లవైపు తోసింది. "నువ్వు పరిగెత్తే గుంటా! నేను వరస సూసుకుంటాను."

నేను పరిగెత్తాను.

అరవై దాటిన మనిషి ఆ మెట్లను అలా ఎక్కగలడని ఎవరూ అనుకోలేదు. బిందె గోడలకు తగిలి మోగుతోంది. వెనకవాళ్లు అలసి ఆగినప్పుడల్లా ఆయనా ఆగేవాడు. బిందెను తల మీదికెత్తి ఆడించేవాడు. "రా దీదీ! దమ్ముంటే రా! ఇదిగో, ఇసిరేస్తాను!" తిట్లు మళ్లీ మొదలయ్యేవి, కాళ్లు మళ్లీ కదిలేవి. కొండ మీది నీళ్ల ట్యాంకు దగ్గర ఆయన కూలబడ్డాడు. నేను వెళ్లి బిందె లాక్కున్నాను. దాని పొట్ట సొట్టపోయింది.

అప్పుడు కింద, లంగరు గొలుసు జారినట్టు, పొడుగాటి మోత ఒకటి వినిపించింది. తిరిగి చూస్తే రోడ్డు లేదు. కుళాయి లేదు. ఇనుప స్తంభం కొస మాత్రం కనబడుతోంది. మట్టిరంగు నీళ్ల మీద మా వరసలోని బిందెలు, వరస లేకుండా తేలుతున్నాయి.

పానీ తాత లేచి, ఊపిరి అందకుండానే, ఒక్కొక్కరి ముఖంలోకి చూస్తూ వచ్చాడు.

"కింద ఎవురుండిపోనారు?"

ఆయన మళ్లీ అడిగాడు. బిందె నా చేతుల్లో ఉంది. బిందె ఉన్నచోట దాని యజమానురాలు ఉండాలి.

నానమ్మ రెండో రోజు దొరికింది.

నాన్న తుష్నాబాద్ నుంచి ఎలాగో చేరుకున్నాక, మళ్లీ అల వస్తుందన్న భయంతో మేమంతా తలదాచుకున్న బడి వరండాలో, అందరి ముందూ పానీ తాతను నిలబెట్టి అడిగాడు. "నువ్వా రెక్క కొట్టకపోతే మా అమ్మ ఇంట్లోనే కూచునుండేది. మా ఇంటి గడప కూడా తడవలేదు. కిందికి పిలిచి సంపేసినావు."

"ఆయన పైకి లాక్కొచ్చినవాళ్లం ఇంతమందిమి ఉన్నాం కదా" అని ఎవరో అనబోయారు.

"మీరూ ఇళ్లల్లో కూచుంటే బతికేవోళ్లే గదా!" అన్నాడు నాన్న.

అది నిజం. పానీ తాత, పైపులో గాలి వింటున్నప్పటిలాగే కళ్లు మూసుకుని ఆ మాట పూర్తిగా విన్నాడు. మర్నాడు వెళ్లి, వంగిపోయిన స్తంభం నుంచి రెక్కను విప్పేశాడు.

ఏడాది పాటు మా వీధిలో నీళ్లు చప్పుడు లేకుండా వచ్చి, చప్పుడు లేకుండా పోయాయి. పిలిచేవాడు లేక బిందెలు నిండలేదు. ఆడవాళ్లు వెళ్లి బతిమాలాక ఆయన రెక్కను తిరిగి అదే స్తంభానికి కట్టాడు. ఒక షరతు పెట్టాడు. అయిదు దెబ్బలైతే నీళ్లు. ఆగకుండా కొడితే కొండ ఎక్కాలి. ప్రతి ఆదివారం దాన్ని అభ్యాసం చెయ్యాలి. మొదటి ఆదివారం చాలామంది ఎక్కారు. నెల తిరిగేసరికి పిల్లలు మాత్రమే మిగిలారు. ఎక్కాక ఆయన అదే ప్రశ్న అడిగేవాడు, "కింద ఎవురుండిపోనారు?" అని. "లెక్కల సార్ ఉండిపోయాడు! వదిలెయ్ తాతా!" అని పిల్లలు నవ్వేవారు. ఆయన నవ్వకుండా, కిందికి తొంగి చూసి, అప్పుడు కూర్చునేవాడు. నాన్న ఆ సమయంలో మా తలుపు మూసేసేవాడు. నేను కిటికీలోంచి చూసేదాన్ని.

డిగ్రీ మొదటి ఏడాదిలో ఒక చర్చాపోటీ జరిగింది. సదుద్దేశం తప్పును మాఫీ చేస్తుందా అన్నది విషయం. చెయ్యదన్న పక్షాన నిలబడి, పేరు చెప్పకుండా ఆయన కథ చెప్పాను. "హెచ్చరించేవాడి మొదటి బాధ్యత, తన హెచ్చరిక ఎదుటివాడికి అర్థమయ్యేలా చూడడం. అర్థం కాని హెచ్చరిక మోత మాత్రమే" అన్నాను. చప్పట్లు చాలాసేపు మోగాయి. మొదటి బహుమతి వచ్చింది. పోర్ట్ బ్లెయిర్ చిన్న ఊరు. రెండు రోజుల్లో ఆ మాట ఆయనకు చేరింది.

సాయంత్రం కుళాయి దగ్గర నన్ను ఆపాడు. నేను సమాధానాలన్నీ సిద్ధం చేసుకున్నాను. ఆయన అడిగింది వేరు.

"నువ్వేదో సెప్పినావంట గదా. ఆ ముక్క రాసియ్యమ్మా."

"ఎందుకు తాతా?"

"కరెక్టుగా ఉంది. ఏ మోతకేటి అర్థమో గోడ మీద రాయిద్దాం. హిందీలో కూడా రాయి, దీదీవోళ్లు సదువుకుంటారు."

నీలం రంగు పెయింటుతో కుళాయి వెనక గోడ మీద రెండు సంకేతాలకూ అర్థం రాశాను, హిందీలోనూ తెలుగులోనూ. నా తెలుగులో తప్పులున్నాయేమో ఆయన చెప్పలేడు. ఆయనకు చదువు రాదు. నేను రాస్తున్నంతసేపు డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజే, చాలా ఏళ్లుగా నాలో ఉన్న ప్రశ్న అడిగాను.

"నానమ్మ బిందే ఎందుకు లాక్కున్నావు? ఆవిడ మెట్లెక్కలేదని నీకు తెలుసు."

జవాబు కోసం ఆగకుండా నేనే ఆయన తరఫున వాదన అల్లాను. ఆవిడను ఎత్తుకుని ఉంటే ఇద్దరూ మెట్ల మీదే ఆగిపోయేవారు. బిందె ఎత్తుకోవడం వల్ల ఇంతమంది ఎక్కారు. ఒకరిని మోయడమా, అందరినీ కదపడమా అని ఆలోచించి ఎంచుకున్నావు కదా, అన్నాను. అవునంటాడనీ, నాన్నకు చెప్పడానికి నా దగ్గర ఒక వాదన ఉంటుందనీ ఆశపడ్డాను.

"అంత ఆలోసన లేదమ్మా. ఆ బిందె సేతికందింది." డబ్బా కింద పెట్టాడు. "అప్ప కూడా ఎంటపడతాదనుకున్నాను. మోకాళ్ల సంగతి గుర్తు రాలేదు. పైకెక్కి సూసినాక గుర్తొచ్చింది. నన్ను గెలిపించకమ్మా."

నేను ఎదుర్కొన్న ప్రత్యర్థులలో, తనకు అనుకూలమైన వాదనను తిరిగి నా చేతిలో పెట్టినవాడు ఆయన ఒక్కడే.

సునామీ వచ్చి ఏడేళ్లు దాటాక, ఒక మధ్యాహ్నం నేల మళ్లీ ఊగింది. సముద్రంలో పెద్ద భూకంపం, అలలు రావచ్చు అని టీవీలో చెప్పారు. అమ్మానాన్నలను పైకి పంపి నేను కిందికి పరిగెత్తాను. పానీ తాత రెక్కను పట్టుకుని వేలాడుతున్నట్టు కొడుతున్నాడు. చేతుల్లో బలం లేదు. కమ్మీ నేను అందుకుని ఆగకుండా కొట్టాను. పాతవాళ్లు ఇళ్లకు తాళాలైనా వెయ్యకుండా కొండ ఎక్కుతున్నారు. దీదీ అందరికంటే ముందు ఎక్కింది.

అప్పుడు మెట్ల మీంచి ఒక అమ్మాయి దిగింది. వెనక ఇంకో ఇద్దరు. కొత్తగా అద్దెకు వచ్చినవాళ్లు. చేతుల్లో బాల్టీలున్నాయి.

"దీదీ, పానీ ఆయా?" నీళ్లొచ్చాయా అని నన్నడిగింది.

నా వెనక గోడ మీద నేను రాసిన నీలం అక్షరాలు ఉన్నాయి. వాటిని చదవాలంటే కుళాయి దాకా రావాలి. వాళ్లు వచ్చారు, చదవలేదు, ఎవరు చదువుతారు? పానీ తాత నా వైపు చూశాడు. నేను కమ్మీ పడేసి, ఆ అమ్మాయి చేతిలోని బాల్టీ లాక్కుని మెట్లెక్కి పరిగెత్తాను.

"అరే! మేరీ బాల్టీ! పాగల్ హో క్యా?"

కానీ ఈసారి ఆగి చూశాను. పానీ తాత కిందే ఉండిపోయాడు, స్తంభానికి ఆనుకుని. బాల్టీ పై మెట్ల మీదికి విసిరేసి వెనక్కి దిగాను. ఆయన చంకలో చెయ్యి వేసి లాగాను. ఆ అమ్మాయి బాల్టీని చూసింది, నన్ను చూసింది, సముద్రాన్ని చూసింది. తిట్టడం ఆపి రెండో పక్క పట్టుకుంది. మిగతా ఇద్దరినీ ముందు నడిపిస్తూ ముగ్గురం ఎక్కాం. ప్రతి మెట్టు దగ్గరా వెనక మోత వినబడుతుందేమోనని తల తిప్పి చూశాను.

అల రాలేదు. సాయంత్రానికి హెచ్చరిక ఎత్తేశారు. మాడిపోయిన వంటల గురించి విసుక్కుంటూ అంతా దిగిపోయారు. పానీ తాత మాత్రం ట్యాంకు గోడకు ఆనుకుని కదల్లేదు.

"బిందె పైకెల్తే జనం పైకొచ్చారు" అన్నాడు. "రెక్క కిందుంటే జనం కిందికొస్తన్నారు. ఎన్ని దెబ్బలు కొట్టినా అంతేనమ్మా. మోత ఎక్కడుంటే మనిషి అక్కడికే ఎల్తాడు. ఇన్నేళ్లు రెక్కను తప్పు సోట కట్టీసినాను."

సంకేతానికి అర్థం ఏమిటని నేను ఇన్నాళ్లూ వాదించాను. సంకేతం ఎక్కడ నిలబడి పిలుస్తోందని ఒక్కసారీ అడగలేదు.

ఆ ఆదివారం రెక్కను విప్పి, తాడు కట్టి, మెట్ల మీంచి లాగాం. బరువుకు ప్రతి మలుపు దగ్గరా ఆగవలసి వచ్చింది. మా గుమ్మం ముందుకు వచ్చేసరికి నాన్న తలుపు తీసుకుని నిలబడి ఉన్నాడు. నా పక్కనున్న పానీ తాత వైపు చూడకుండా, "ఆ ముడి జారిపోతుందే" అని నాతో అన్నాడు. వంగి, ముడి విప్పి, గట్టిగా కట్టాడు. మళ్లీ లోపలికి వెళ్లిపోయాడు.

రెక్క ఇప్పుడు ట్యాంకు దగ్గర వేలాడుతోంది. నీళ్లకు కింద ఒక ఈల ఊదుతారు. ఆ మధ్యాహ్నం బాల్టీతో దిగిన అమ్మాయే ఊదుతుందని అమ్మ చెప్పింది.

దండమా, నిలదీయడమా? నేను నిలదీశాను. ఆయన ఆ నిలదీతను తీసుకుని గోడ మీద రాయించుకున్నాడు, అది చాలకపోతే రెక్కనే పెకలించాడు. దండం పెట్టే అవకాశం ఇవ్వకుండా వెళ్లిపోయాడు. అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను.

ఈ వారంలో ఒక రోజు, మీ వీధిలో, మీ బడిలో, మీరు పనిచేసే చోట, ప్రమాదం వచ్చినప్పుడు మోగవలసినది ఎక్కడ ఉందో వెళ్లి చూడండి. అది ప్రమాదం వచ్చే వైపే ఉంటే విప్పండి. మనుషులు చేరవలసిన చోట కట్టండి. నిన్ననే అద్దెకు దిగినవాళ్లను పిలవండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను ఎవరు పట్టుకోవాలో ముందే పేర్లు చెప్పుకోండి. అందరూ కలిసి ఒక్కసారి అక్కడిదాకా నడవండి. చేరాక, ఊపిరి అందకపోయినా సరే, వెనక్కి తిరిగి గట్టిగా అడగండి:

కింద ఎవరుండిపోయారు?